నాలుగు భాషల్లో ఒకే మాట

మా యూనివర్సిటీ అంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో, ఆ ఒక్క చలికాలంలో దాని మీద అంత కోపం వచ్చింది. ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. అది చెడ్డపని చేసిందని కాదు. మంచిపనే చేసింది, మనస్ఫూర్తిగా చేసింది. చెడ్డపని చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. మంచిపని చేసి కూడా అది ఎవరికీ అందకుండా చేసుకుందే, అదే నాకు మింగుడు పడదు.

పోలీస్ యాక్షన్ జరిగాక వచ్చిన మొదటి చలికాలం అది. మేము బోయిగూడలో ఉండేవాళ్లం. నాన్న సికింద్రాబాద్ స్టేషన్ గూడ్స్ షెడ్డులో గుమాస్తా. నేను యూనివర్సిటీలో సైన్సు చదువుతున్నాను. మా గల్లీ నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి మా అమ్మ కూరగాయలవాడితో సహా అందరి చెవినా వేసేది.

మా గోడను ఆనుకుని ఒక దూదేకుల కుటుంబం ఉండేది. ముస్లింలే అయినా ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగు. ఆయన దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టేవాడు. పొద్దున ఆయన దూది ఏకే విల్లు మోగడం మొదలైతే ఇక నాకు పుస్తకం మీద దృష్టి నిలిచేది కాదు. ఆయన్ని చిన్నాయన అనీ, ఆవిడను చిన్నమ్మ అనీ పిలిచేదాన్ని. వాళ్లకు ఒక్కతే కూతురు, ఏడేళ్లది. సాయంత్రం అయ్యేసరికి పలక పట్టుకుని మా గడప మీదికి వచ్చి కూర్చునేది. దానికి అక్షరాలు దిద్దించింది నేనే. కూడబలుక్కుని చదవడం వచ్చిన దగ్గర్నుంచీ దాని నోటికి తాళం లేదు. సబ్బు మీది కాగితం, కిరసనాయిలు డబ్బా, కిరాణా దుకాణం బోర్డు, ఏది కనబడితే అది గట్టిగా చదివేది. తనకు అక్షరం ముక్క రాని చిన్నమ్మ దాన్ని చూసి తెగ మురిసిపోయేది.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కొన్నాళ్లకు మా గల్లీ మొగదల ఒక లారీ ఆగింది. అందులోంచి ఖాకీ బట్టల వాళ్లు దిగి నేరుగా చిన్నాయన ఇంటికి వెళ్లారు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టి తిరిగిన దళం వాళ్లకు ఆయన పరుపులు కుట్టి ఇచ్చాడని ఎవరో చెప్పారట. నిజమే, ఇచ్చాడు. వాళ్లు వచ్చి అడిగితే ఇవ్వనని చెప్పే ధైర్యం మా గల్లీలో ఎవరికి ఉండేదని? "ఫికర్ చెయ్యకమ్మా, కాంపుల జెర పూఛ్‌తాఛ్ చేసి పంపిస్తం" అని వచ్చినవాళ్లు చిన్నమ్మతో మర్యాదగానే చెప్పారు. విచారణ పేరుతో ఆయన్ని లారీ ఎక్కించారు. అంతే, మళ్లీ ఆయన జాడ లేదు.

ఏ కాంపో ఎవరూ చెప్పలేదు. చిన్నమ్మ ఎక్కడ కాంపు ఉందని విన్నా అక్కడికి కూతుర్ని చంకనేసుకుని పోయేది. గేటు దగ్గర నిలబడేది. వాళ్లు పొమ్మంటే వచ్చేది. మా ఒక్క గల్లీ అనే కాదు, ఆ చుట్టుపక్కల నుంచి అలా లారీ ఎక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఆ చలికాలం వచ్చేసరికి బోయిగూడలో కాంపు అనే మాటకు అర్థం ఒక్కటే. తీసుకుపోయేవాళ్లు మంచిగా మాట్లాడతారు, పోయినవాళ్లు మటుకు రారు.

అప్పుడు ఎలుకలు పడడం మొదలైంది. ప్లేగు వచ్చే ముందు ఇంట్లో ఎలుకలు తమంతట తామే వచ్చి చచ్చి పడేవి. ఎలుక పడిందంటే ఆ ఇల్లు విడిచి బయట పడాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. రైల్వే వాళ్లు తమ ఉద్యోగులకు మైదానంలో డేరాలు వేయించారు. మేము ఒక పెట్టె, పొయ్యి, గిన్నెలు పట్టుకుని డేరాలోకి మారాం. చిన్నమ్మను కూడా తెచ్చుకుందామంటే నౌకరీ ఉన్నవాళ్ల కుటుంబాలకు తప్ప చోటు లేదన్నారు. నాన్న రెండుసార్లు వెళ్లి బతిమాలినా లాభం లేకపోయింది.

సరిగ్గా అప్పుడే మా యూనివర్సిటీ ముందుకు వచ్చింది. పాఠాలు ఆపేశారు. సెప్టెంబరులో ఊళ్లకు వెళ్లిన విద్యార్థులు చాలామంది తిరిగి రాలేదు కాబట్టి హాస్టలు సగం ఖాళీగా ఉంది. ఎలుకలు పడ్డ బస్తీల నుంచి కుటుంబాలను తెచ్చి అందులో ఉంచుదామన్నారు. వైద్యం చదువుతున్న పెద్ద విద్యార్థులు, వాళ్ల డాక్టర్లు రోజూ వచ్చి ప్లేగు సూదులు ఇస్తామన్నారు. పిల్లలకు పాలు, పెద్దలకు రెండు పూటలా భోజనం. గోషా పాటించే ఆడవాళ్ల కోసం ఒక వైపంతా విడిగా పెట్టి పరదాలు కట్టించారు. ఆ పరదాలు చూసి నాకు నిజంగా కళ్ల నీళ్లు తిరిగాయి. ఇంత చదువుకున్నవాళ్లు బోయిగూడ ఆడవాళ్ల గురించి ఇంత ఆలోచించారా అనుకున్నాను. బస్తీలో ఉండే విద్యార్థినిని కాబట్టి నన్ను కూడా సహాయ సంఘంలోకి తీసుకున్నారు. నేను ఎగిరి గంతేశాను.

మొదటి సమావేశం ప్రకటన ఏ భాషలో ఉండాలన్న దాని మీద జరిగింది. రెండోదీ దాని మీదే. సంఘానికి పెద్ద ఒక ముసలి ప్రొఫెసరు గారు. ఉర్దూలోనే సైన్సు అంతా చెప్పగల మహానుభావుడు, మంచి మనిషి. యూనివర్సిటీ పుట్టిందే ఉర్దూలో కాబట్టి ఉర్దూ పైన ఉండాలన్నారు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, ఇకమీదట ఇంగ్లీషే నడుస్తుంది కాబట్టి ఇంగ్లీషు పైన ఉండాలన్నాడు. మరొకరు హిందీ అన్నారు. బోయిగూడలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు కదా అని నేనన్నాను. అందరూ నా వైపు చూసి, చాయ్ తాగి, మళ్లీ మొదటి నుంచి షురూ చేశారు. బస్తీలో ఎలుకలు పడుతున్నాయి, వీళ్లేమో మీనమేషాలు లెక్కపెడుతున్నారు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

చివరికి నాలుగు భాషల్లోనూ రాయాలని రాజీ కుదిరింది. పెద్ద రేకు బోర్డు మీద రాయించి హాస్టలు గేటుకు తగిలించారు. కాగితాల మీద అచ్చు వేయించి బస్తీల్లో అంటించారు. అది చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు భాషలు, నాలుగు లిపులు, ఒక్కొక్క దాని కోసం అంత పోట్లాట. అన్నింటిలోనూ ఉన్నది ఒకే మాట. ప్లేగు కాంపు.

అది చాలదన్నట్టు మనుషుల్ని తీసుకురావడానికి లారీ పంపించారు. లారీలో సాయానికి యూనివర్సిటీ కవాతు దళం కుర్రాళ్లను పంపారు. వాళ్ల బట్టలు ఖాకీ. పాపం బుద్ధిమంతులైన కుర్రాళ్లు, ముసలివాళ్ల మూటలు మోయడానికి ఉత్సాహంగా వచ్చారు. లారీ గల్లీ మొగదల ఆగింది. ఖాకీ బట్టలు దిగాయి. "ఫికర్ చెయ్యకుండ్రి, కాంపుకు తీస్కపోతం" అని మర్యాదగా చెప్పారు. చెప్పీ చెప్పకముందే తలుపులు పడ్డాయి. వెనక దారిన పారిపోయినవాళ్లు పారిపోయారు. ఎలుక పడ్డ ఇళ్లలోకే పోయి గడియ పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు. లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది. మర్నాడూ అంతే.

నేను సంఘం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కాంపు అనే మాట తీసేయండి, లారీ ఆపేయండి, కుర్రాళ్లను మామూలు బట్టల్లో పంపండి అన్నాను.

ప్రొఫెసరు గారు నొచ్చుకున్నారు. "బేటీ, ఆ మాట ఎవరి భాషకూ చెందింది కాదు. అందుకే దాని మీద ఎవరికీ పేచీ లేకపోయింది. అందరికీ అర్థమయ్యే మాట" అన్నారు.

"అందరికీ అర్థమైంది సార్. అందుకే ఎవరూ రావడం లేదు" అన్నాను.

కొత్త అధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు. "అమ్మాయీ, ప్రభుత్వం మనకు బియ్యం ఇస్తున్నది కాంపు పేరు మీద. హాస్టలని రాస్తే అది విద్యార్థుల పద్దులోకి పోతుంది. పేరు మార్చాలంటే మళ్లీ మంజూరు తెచ్చుకోవాలి. అదంతా తేలిగ్గా అయ్యే పనా?"

"ఇంట్లో ఎలుక పడ్డవాళ్లు మీ మంజూరు దాకా ఆగుతారా సార్?"

"భయపడితే నచ్చజెప్పాలి గానీ, భయానికి తగ్గట్టు మాటలు మార్చుకుంటూ పోతామా?" అన్నాడాయన.

పోనీ సూదులైనా బస్తీకే వచ్చి ఇవ్వండి అన్నాను. మందు పాడవుతుందట, పరికరాలు కదలవట, సూది కావాలంటే కాంపుకే రావాలట. వాళ్లలో ఒక్కరు కూడా దుర్మార్గులు కారు. దుర్మార్గులైతే నేను గెలిచేదాన్నేమో. రైల్వే వాళ్లు డేరాలు అన్నారు, జనం పరుగెత్తుకుంటూ వెళ్లారు. ఇంత చదువుకున్నవాళ్లకు డేరాకూ కాంపుకూ తేడా ఎందుకు తెలియదు? ఇదే మాట గట్టిగా అనేశాను. పెద్దల ముందు గొంతు లేపానని ఆ సాయంత్రం నాన్న దాకా కబురు పోయింది. అయినా నా పోరు పడలేక ప్రొఫెసరు గారు ఒప్పుకున్నారు. బోర్డు దింపేసి వేరే మాటతో కొత్తది రాయిస్తామని, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుందని నాకు మాట ఇచ్చారు. నేను నమ్మి మళ్లీ వెళ్లి చూడలేదు.

అదే వారం చిన్నమ్మ ఇంట్లో ఎలుక పడింది. దూది బస్తాల మధ్య పడింది. నేను కబురు విని డేరా నుంచి పరుగున వెళ్లాను. చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది. లోపల గోడకు చిన్నాయన విల్లు వేలాడుతోంది.

"చిన్నమ్మా, లే, పోదాం. మా కాలేజీల గది ఇప్పిస్త" అన్నాను.

"ఆ కాంపుకేనా?"

"కాంపు కాదు చిన్నమ్మా. నేను సదువుకునే జాగ. పోరగాండ్లు ఉండే హాస్టలు. ఇన్నాళ్ల సంది నేను పోయి రావట్లేదా?"

"ఆయనొచ్చి తాళం సూస్తే ఏమనుకుంటడు?"

"గల్లీ మొగన పాన్ దుకాణంల చెప్పి పోదాం. యూనివర్సిటీల ఉన్నరని చెప్తడు."

"లారీ ఎక్కను."

"లారీ వద్దు. నడిచే పోదాం. నేను మీ ఎంబడే ఉంట."

చిన్నమ్మ ఒకసారి గోడకున్న విల్లు వైపు చూసింది. తర్వాత లేచి, రెండు చీరలు, ఒక గిన్నె, చిన్నాయన లుంగీ ఒకటి మూట కట్టింది. "నువ్వున్న జాగ అయితే వస్త బిడ్డా" అంది. ఆ మాటకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. సంఘంలో పోరితే గానీ నెగ్గని నా మాట ఇక్కడ ఇట్టే నెగ్గింది.

చిలకలగూడ, సీతాఫల్‌మండి మీదుగా నడిచాం. పిల్ల ముందు గెంతుకుంటూ నడుస్తూ, దారిలో కనబడ్డ తెలుగు బోర్డులన్నీ చదువుతోంది. టైలరింగు, సైకిలు రిపేరు, హోమియో మందులు. తప్పు చదివితే నేను సరిదిద్దుతున్నాను. చిన్నమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. "గిట్లనే సదివితే ఇది సుత నీలెక్క కాలేజీకి పోతదా బిడ్డా?" అని అడిగింది. ఎందుకు పోదు, అదే గేటులోంచి పోతుంది అన్నాను.

హాస్టలు గేటు కనబడింది. బోర్డు అక్కడే ఉంది. పాతదే. దింపలేదు. కొత్త బోర్డు మీద ఏ భాష పైన ఉండాలన్నది ఇంకా తేలలేదని, తేలేదాకా పాతది ఉండనిద్దామనుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

పిల్ల బోర్డు ముందు ఆగి తలెత్తింది. నేను దాని చెయ్యి పట్టి లాగేలోపే మొదలుపెట్టింది.

"ప్లే... గు. ప్లేగు. కాం... పు."

చిన్నమ్మ ఆగిపోయింది. "ఏందీ?" అంది.

"కాంపు అమ్మా. ప్లేగు కాంపు." తడుముకోకుండా చదివానని పిల్ల మొహం వెలిగిపోతోంది.

మమ్మల్ని చూసి లోపలి నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఎదురు వచ్చారు, మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని, ఖాకీ బట్టల్లో. చిన్నమ్మ వాళ్లను చూసింది, బోర్డును చూసింది, నన్ను చూసింది. మూట భుజానికి వేసుకుని, కూతుర్ని చంకకు ఎత్తుకుని, వచ్చిన దారినే తిరిగింది. నేను వెంటపడ్డాను. బతిమాలాను. ఆ మాట తప్పు, వాళ్లు మారుస్తున్నారు, లోపల పరదాలు కట్టారు, డాక్టర్లు ఉన్నారు, ఒక్కసారి కళ్లతో చూడు అని రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఏడ్చాను.

"నువ్వు అబద్ధం చెప్పినవని అంటలేను బిడ్డా" అంది ఆగకుండానే. "నీకు సుత తెల్వదు. మీ చిన్నాయనకు సుత మంచిగనే చెప్పి తీస్కపోయిండ్రు."

నేను వాళ్ల వెనకే గల్లీ దాకా నడిచాను.

ఆమె ఆ ఇంట్లోకే పోయింది. ఎలుక పడ్డ దూది బస్తాలు బయట పడేసి, ఇల్లు అలుక్కుని, అక్కడే పడుకుంది. కొద్ది రోజులకు జ్వరం వచ్చింది, చంకలో గడ్డ లేచింది. నేను పరుగెత్తి డాక్టర్ని పిలిస్తే ఆయన క్షణం ఆలస్యం చేయకుండా వచ్చాడు. ఆ మాట చెప్పి తీరాలి. సూదులూ పరికరాలూ సంచిలో వేసుకుని సైకిలు మీద వచ్చాడు. కదలవన్న పరికరాలు ఆ రోజు ఎలా కదిలాయని అడగాలనిపించింది గానీ, అడిగే ఓపిక లేదు. చిన్నమ్మ బతకలేదు. పిల్లను మా అమ్మ డేరాకు తెచ్చుకుంది. చోటు లేదన్న రైల్వే వాళ్లు కూడా అప్పుడు ఏమీ అనలేదు.

ఎండలు ముదిరి ప్లేగు తగ్గుముఖం పట్టాక కొత్త బోర్డు వచ్చింది. ఆరోగ్య నిలయం అని, నాలుగు భాషల్లో, ముచ్చటగా. కొన్నాళ్లు ఖాళీ హాస్టలు ముందు ఆ బోర్డు వేలాడింది. చివరి సమావేశంలో కొత్త అధికారి, ఇంత ఏర్పాటు చేసినా మూఢనమ్మకాల వల్ల జనం వాడుకోలేకపోయారని విచారించాడు. ప్రొఫెసరు గారు తల దించుకుని కూర్చున్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను. అరిచి ప్రయోజనం లేదని అప్పటికి తెలిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే మటుకు అరవాల్సిందే అనిపిస్తుంది.

ఆ వేసవిలో మేము బోయిగూడ ఇంటికి తిరిగి వచ్చేశాక, ఒక మధ్యాహ్నం చిన్నాయన మా వాకిట్లో నిలబడ్డాడు. ఏ తప్పూ తేలలేదని వదిలేశారట. మనిషి సగమయ్యాడు. పిల్ల ముందు గుర్తుపట్టలేదు, తర్వాత మెడకు కరుచుకుపోయింది. చిన్నమ్మ ఆ ఇంట్లోనే ప్లేగుతో పోయిందని మా నాన్న కూర్చోబెట్టి చెప్పాడు.

చిన్నాయన పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు. తర్వాత అన్నాడు. "మా కాంపుల కొత్తగ వచ్చినోళ్లు చెప్పిండ్రు, బోయిగూడోళ్లకు యూనివర్సిటీల జాగ ఇస్తున్నరని. తిండి పెడ్తున్నరు, సూదులు ఇస్తున్నరు అన్నరు. వీళ్లు అక్కడ నిమ్మలంగ ఉన్నరనుకొనే దినాలు ఎల్లదీసిన. ఇయ్యాల వదిలిపెట్టంగనే ముందుగాల ఆ గేటుకాడికే పోయిన." నా వైపు తిరిగి అడిగాడు. "గంత మంచి జాగ ఉండంగ ఆమె ఎందుకు పోలేదు బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన ఒళ్లో ఉన్న పిల్ల జవాబు చెప్పింది.

"అమ్మ వస్తుండె నాయనా. నేను బోర్డు సదివిన."

ఆయనకు అర్థం కాలేదు. కూతురు చదువుతుందన్న సంగతి మాత్రం గుర్తొచ్చినట్టుంది. దాని తల నిమిరాడు. "తప్పు లేకుంట సదివినవా?" అన్నాడు.

"తప్పు లేకుంటనే సదివిన" అంది పిల్ల.

ఆ తర్వాత అది పలక పట్టుకుని మా గడప మీదికి మళ్లీ రాలేదు.